కొండసీమ తెలుగింట తల్లి సంవత్సరము

ఒక సీమ చరిత్రను వ్రాయువారు రాజులను, యుద్ధములను, శిస్తులను, బాటలను గూర్చి వ్రాయుట పరిపాటి. కోరాపుట్, రాయగడ ప్రాంతముల విషయమునను అట్లే జరిగినది. కార్మైకేల్ దొర 1869లో ప్రకటించిన విశాఖపట్టణ జిల్లా మాన్యువలునందును, ఫ్రాన్సిస్ దొర 1907లో ప్రకటించిన గెజెటీరునందును జయపుర సంస్థానమును గూర్చియు, కనుమదారులను గూర్చియు, మన్యపు జ్వరములను గూర్చియు చదువవచ్చును. ఆ కొండలపై కాపురముండిన తెలుగు ఇల్లాలు ఏ నెలలో ఏమి చేసెను, ఏమి వండెను, పిల్లలకేమి నేర్పెను అను సంగతులకు అట్టి గ్రంథములలో చోటు బహు స్వల్పము. అయినను ఈ సీమలో తెలుగు నేటివరకు నిలిచియుండుటకు ఆమె గృహజీవనమే ముఖ్యకారణమని మేము తలంచుచున్నాము. ఆమె సంవత్సరమెట్లు గడచెడిదో నెలల వరుసను మన కుటుంబములవారికి మనవి చేసి, ఆమె వలన మనకు దక్కినదేమి, ఇకపై దక్కవలసినదేమి అని విచారించుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

సీమ మారిన విధము

మొదట నందపురము, పిదప జయపురము రాజధానులుగా సూర్యవంశపు రాజులు ఈ సీమను చిరకాలమేలిరి. ఇంగ్లీషువారి కాలమున ఇది మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణ జిల్లాలో చేరియుండెను. 1839వ సంవత్సరపు 24వ చట్టముచే కొండప్రాంతములు ఏజెన్సీగా ప్రత్యేక పాలనలోనికి వచ్చినవి. నాటినుండి కచేరీ గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వర్తకులు, నేతపనివారు, వ్యవసాయదారులు, వివిధ వృత్తులవారు పార్వతీపురము, సాలూరు, బొబ్బిలి, విజయనగరము, శ్రీకాకుళము వైపులనుండి కనుమలెక్కి వచ్చి స్థిరపడుచుండిరి. గుణుపురము, రాయగడ ప్రాంతములలోనైతే తరతరములుగ అక్కడివారే యైన తెలుగు కుటుంబములు అనేకము గలవు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడెను. జయపుర సంస్థానము కోరాపుట్ జిల్లాగా అందు చేరినది. ముందటి దినమున విశాఖపట్టణ జిల్లావారైన మనవారు మరునాటికి ఒరిస్సావారైరి. ఎవ్వరును ఇల్లు కదలలేదు. బావియు, పెరడును, దేవునిగదియు ఉన్నచోటనే యుండెను. 1952లో సంస్థానము రద్దయ్యెను. 1954లో ఒడియాను రాజభాషగా నిర్ణయించు చట్టము వచ్చినది. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమేర్పడగా, సరిహద్దు కిరుప్రక్కల రెండు రాష్ట్రములు స్థిరరూపము దాల్చినవి. 1992 అక్టోబరు 2వ తేదీన పూర్వపు కోరాపుట్ జిల్లా కోరాపుట్, రాయగడ, నవరంగపురము, మల్కనగిరి అని నాలుగు జిల్లాలైనది.

ఈ మార్పుల నడుమ తెలుగునకు ప్రభువుల ఆదరణ లేకపోలేదు. 1931 నుండి 1951 వరకు జయపుర ప్రభువులుగా నుండిన శ్రీ విక్రమదేవవర్మ మహారాజుగారు ఒడియా, తెలుగు భాషలు రెండింటను కవులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల చొప్పున వారొసగిన దానము లోకవిదితము. వారి పేరిట విశాఖపట్టణమున విజ్ఞాన కళాశాలయు, 1947లో జయపురమున మరియొక కళాశాలయు వెలసినవి. అయితే కళాశాలకు పోవు ప్రాయము వచ్చుటకు ముందే బిడ్డకు భాష రావలెను గదా! ఆ పని తల్లి చేసినది. పాఠశాలలో ఒడియాయు, బజారులో ఒడియాయు దేశియాయు, పై చదువులలో ఇంగ్లీషును వినవచ్చిన ఊళ్ళలో, తెలుగునకు మిగిలిన పాఠశాల వంటిల్లొక్కటే.

దినచర్య

కోరాపుట్ సముద్రమట్టమునకు సుమారు 870 మీటర్ల ఎత్తున నున్నది. నాగావళి యొడ్డునగల రాయగడ అంతకంటె చాల పల్లపుది. ఒకచోట చలి, ఒకచోట ఉక్క. ఇల్లాలి పని మాత్రము రెండుచోట్ల నొక్కటే. తెల్లవారకమున్నే లేచి వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుటతో ఆమె దినము మొదలగుచుండెను. ఈ ముగ్గు విషయమున మన జిల్లాల కొక విశేషము గలదు. తెలుగు ఇల్లాలు పొడిపిండిని వ్రేళ్ళసందున జార్చి, చుక్కలను కలుపుచు నేలపై ముగ్గు వేయును. పొరుగున ఒడియా గృహిణి బియ్యము నూరిన తడిపిండిలో వ్రేళ్ళు ముంచి నేలపైనను గోడలపైనను ఝోటి చిత్రించును. గుణుపురము వైపు సవరలు తమ యింటి గోడలపై ఇడితాల్ చిత్రములను వ్రాసి పెద్దలను, దేవతలను ఆరాధింతురు. ఒకే జిల్లాలో మూడు జాతులవారు పిండితోను రంగుతోను ఇంటికి శుభము కోరుచున్నారు. మన పిల్లలు ఆ మూడింటిని చూచుచు పెరిగిరి.

వంటయింటను ఇట్టి పొత్తే కాననగును. రాత్రి యన్నమున నీరుపోసి పులియబెట్టిన ఒడియావారి పఖాళమునకును, మన తరవాణికిని దూరము లేదు. అరటికాయలోనో పనసపొట్టులోనో ఆవ నూరి కలుపుట మనకెంత ప్రీతియో, వారికి బేసర అంత ప్రీతి. మన అరిసె వారి యింట ‘ఆరిసా పిఠా’. వంటకములు ఇట్లు కలిసిపోవుచున్నను, తెలుగు తల్లి వాని పేర్లను మాత్రము విడువలేదు. పోపు, పులుసు, పచ్చడి, పొడి, ఒరుగు, వడియము అను మాటలు పిల్లవానికి అన్నముతోపాటు ఒంటబట్టినవి. ఈ మాటలు నేర్పవలెనని ఆమె యెన్నడును పూనుకొనలేదు. గిన్నె తెమ్మన్నప్పుడు, ఉప్పు చాలినదో లేదో చూడుమన్నప్పుడు అవి వాటియంతట వచ్చినవి.

వారమునకొక తూరి సంత. కోరాపుట్ వైపున కుందులిలో శుక్రవారమును, నియమగిరి క్రింద చటికొనలో బుధవారమును జరుగు సంతలు ప్రసిద్ధములు. పసుపు, అల్లము, చింతపండు, అనాస, పనస, సామలు, చోళ్ళు, వలిసెలు, వెదురుకొమ్ములు, అడ్డాకులు, కొండచీపుళ్ళు దించుకొని డొంగ్రియా కోదులును, పరజలును, గదబలును వచ్చుచుందురు. 2012లో ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయమును ప్రపంచ వారసత్వముగ గుర్తించినది. ఆ గౌరవము ఈ గిరిజన స్త్రీపురుషుల చేతిపనికి దక్కినది. వారు మోసి తెచ్చిన ధాన్యముతోనే మన పండుగలు గడచినవి. మైదానములనుండి వచ్చిన వర్తకులలో కొందరు అప్పులతోను కొలతలతోను వారి భూములను కాజేసినమాటయు చరిత్రయే. ఆ భూములు అన్యాక్రాంతము కాకుండ 1956లో ఒరిస్సా ప్రభుత్వము నిబంధన చేయవలసివచ్చెను. మన మంచిని చెప్పుకొనునపుడు ఈ సంగతిని దాచుట తగదు.

చైత్రము మొదలు ఆషాఢము వరకు

తెలుగు తల్లి సంవత్సరము ఉగాదితో మొదలగును. వేపపూత, క్రొత్త చింతపండు, బెల్లము, లేత మామిడి కలిసిన పచ్చడితో ఆమె యింటిల్లిపాదికి ఏడాది రుచి చూపును. అదే చైత్రమున కొండలమీద చైత పరబ్ జరుగును. దేవతకు నివేదింపనిదే క్రొత్త మామిడిని నోట బెట్టరాదని గిరిజనుల నియమము. మరికొన్నాళ్ళకు మేషసంక్రాంతి నాడు ఒడియావారి క్రొత్త సంవత్సరము. ఆనాడు మారేడుపండు గుజ్జుతో పానకము చేసి పంచుకొందురు. పచ్చడియు, పానకమును, తొలి మామిడియు ఒకే ఋతువును మూడు భాషలలో పలుకరించుచున్నవి. రాయగడలో మజ్జిగౌరమ్మవారి చైత్రోత్సవములకు సరిహద్దు కావలినుండియు జనము వచ్చుచుందురు. ఆ తల్లి పేరును ఒడియావారు మజ్ఝిఘరియాణి యనియు, మనవారు మజ్జిగౌరి యనియు పలుకుదురు. పిలుపు వేరైనను మ్రొక్కు ఒక్కటియే.

ఎండకాలము సెలవులకాలమని పిల్లలనుకొందురు. తల్లికి అది సంవత్సరములో కెల్ల కష్టకాలము. ఈ సీమలో సాలున సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురియును. ముసురు పట్టినచో దినములతరబడి ఎండ పొడ కానరాదు. అందుచేత వానలు రాకమునుపే అప్పడములు, వడియములు, ఒరుగులు ఎండవలెను, చింతపండు గింజతీసి ఉప్పువేసి దాచవలెను, ఆవకాయ కలపవలెను, కట్టెలు కొట్టించి సాయమానులో పేర్చవలెను. ఆమె ఈ పనులలో నొక్కటి మరచినను ఆషాఢములో ఇంట కూర యుండదు. పంచాంగములోని తిథులకు తోడు ఇట్టి తిథులు వేరు కొన్ని గలవు. అవి అత్త కోడలికి నోట చెప్పినవి.

జ్యేష్ఠమాసపు చివరనో ఆషాఢారంభముననో, మిథునసంక్రాంతినాడు ఒడియావారి రజ పండుగ వచ్చును. భూదేవికి విశ్రాంతి యని దుక్కి మానుదురు, ఆడపిల్లలు ఉయ్యెలలూగుదురు. మన ఆడపిల్లలు తమ ఉయ్యెలకు ఆశ్వయుజమున అట్లతద్దె వరకు ఆగవలెను. పొరుగింటి రజలోను ఊగి, తమ తద్దెలోను ఊగిన మన బాలికలకు ఏట రెండు ఉయ్యెలలు దక్కినవి. జగన్నాథుని రథయాత్ర వచ్చు ఆషాఢమునకే క్రొత్త కోడలు పుట్టింటికి పోవు ఆచారమును గలదు. సాలూరు నుండి పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరు కనుమదారిలో వానలలో ప్రయాణమెంత కష్టమో ఎరిగిన పెద్దలు, మృగశిర కార్తె రాకమున్నే బిడ్డను తోడ్కొనిపోవుచుండిరి. 1931లో విజయనగరము రాయపూరు రైలుమార్గము పూర్తియైనప్పటినుండి రాయగడవారికి పుట్టిల్లు దగ్గరైనది. 1990 దశకమున కోరాపుట్ రాయగడల నడుమ రైలు నడచుట మొదలైన పిమ్మట ఎగువవారికిని ఆ సౌకర్యము కలిగెను.

శ్రావణము మొదలు ఆశ్వయుజము వరకు

శ్రావణమున మంగళవారములు మంగళగౌరికి, పూర్ణిమకు ముందరి శుక్రవారము వరలక్ష్మికి. ముత్తయిదువులను పిలిచి పసుపుకుంకుమలు, శనగలు వాయనమిచ్చు ఈ దినములే మన స్త్రీలకు సభలు. పూర్వము వేరు వేరు వీధులలో, వేరు వేరు ఉద్యోగములలోనున్న తెలుగు కుటుంబముల స్త్రీలు ఒకరినొకరు ఎరుగుట ఈ పేరంటములవలననే జరిగినది. సంబంధములు కుదిరినదచ్చటనే, అనారోగ్యము విని సహాయము పంపినదచ్చటనే. ఆంధ్రసంఘములు తరువాత పుట్టినవి. వాని పునాదులు ఈ శనగల మూటలలో నున్నవని చెప్పిన అతిశయోక్తి కాదు.

వినాయకచవితినాడు కావలసిన ఇరువదియొక్క పత్రులకు మన కొండలలో కొదువలేదు. మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతము, దానిమ్మ, మరువము, వావిలి, జాజి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు అని తల్లి పేరుపేరున చెప్పగా పిల్లలు పెరటిలోను కంచెలోను వెదకి తెచ్చుచుండిరి. పాఠశాలలో ఏ వృక్షశాస్త్రమును మొదలుపెట్టకమున్నే మన పిల్లలకు ఇన్ని మొక్కల తెలుగుపేర్లు వచ్చినవనగా ఆ పూజ యొక్క ఉపయోగము తెలియుచున్నది. నేడు అంగడిలో కట్టగట్టిన పత్రి దొరకుచున్నది. కట్ట విప్పి ఒక్కొక్క యాకు పేరు చెప్పు ఓపిక యుండిన, అంగడిపత్రితోను ఆ చదువు సాగింపవచ్చును.

వానకాలమున తల్లికి పండుగలతోపాటు జ్వరభయమును ఉండెను. చలిజ్వరము ఈ సీమకు ప్రధాన శత్రువు. 1953లో దేశమంతట మలేరియా నివారణ కార్యక్రమము మొదలగు వరకును, పిమ్మటను, సాయంకాలమున ఇంట ధూపము వేయుట, దోమతెర దించుట, బిడ్డ నుదురు తాకి చూచుట ఆమె నిత్యకృత్యములు. ఆ భయములోనే దసరా వచ్చెడిది, దీపావళి వచ్చెడిది. ముసురు విడిచి ఆకాశము తేటపడిన ఆశ్వయుజమున ఆమె పొందిన సంతోషము వట్టి పండుగ సంతోషము కాదు. పిల్లలందరును వానకాలము దాటి బయటపడిరను ఊరటయు అందు కలదు.

కార్తిక మార్గశిరములు

ఈ సీమ తెలుగు తల్లి ప్రత్యేకత మిక్కిలి తేటగా కనబడునది ఈ రెండు మాసములలో. దానికి కారణము పంచాంగము. మనకు మాసము అమావాస్యతో ముగియును. ఒడియావారికి పూర్ణిమతో ముగియును. కావున వారి కార్తికము మన కార్తికముకంటె పదునైదు దినములు ముందుగ ముగిసి, మార్గశిరము మొదలగును.

కార్తిక పూర్ణిమ ప్రాతఃకాలమున ఒడియా స్త్రీలు అరటిబోదెతో చేసిన చిన్న ఓడలలో దీపమునుంచి నీట విడుతురు. పూర్వము ఓడలెక్కి సముద్రముపై వర్తకమునకు పోయిన కళింగ నావికుల జ్ఞాపకార్థము జరుగు బోయిత బందాణ మిది. పదునైదు దినములు గడచిన పిమ్మట, కార్తిక అమావాస్య మరునాటి పాడ్యమినాడు, తెలుగు స్త్రీలు అరటిదొప్పలలో దీపములుంచి నీట విడుతురు. ఇది పోలిని స్వర్గమునకు పంపు దినము. ఒకే నాగావళిలో, ఒకే చెరువులో, అదే అరటిబోదె, అదే దీపము. నడుమ పక్షము రోజుల వ్యత్యాసము. రెండు వేడుకలును నెల ముగింపులే యని తెలిసినవారికి ఇది వింతగా తోచదు. సముద్రముపై పోయిన వర్తకుని వారు తలచుచున్నారు. మనము తలచునది ఇంట చిక్కుపడిన కోడలిని. పోలి కథ ఎరుగనివారు అరుదు. అత్తయు తోడికోడండ్రును నదీస్నానములకు పోవుచు ఇంటిపని యంతయు చిన్నకోడలిపై వైచిరి. ఆమె కవ్వమునకంటిన వెన్నతో, రాలిన ప్రత్తితో వత్తి చేసి ఇంటనే దీపము పెట్టి ఎవరికంటను పడకుండ మూతవేసి కాపాడెను. చివరకు విమానము ఆమె కొరకే వచ్చినది. పనిభారమువలన గుడికి పోలేని స్త్రీకి ఇంతటి స్థానమిచ్చిన కథను మన తల్లులు తరతరములు చెప్పుకొనుటలో అర్థము లేకపోలేదు.

తరువాత మార్గశిర గురువారములు. మనకవి లక్ష్మీవారములు, ఒడియావారికి మాణబసా గురుబారములు. 2023నే ఉదాహరణముగ గైకొందము. ఆ యేట కార్తిక పూర్ణిమ నవంబరు 27న వచ్చినది. ఒడియావారి గురువారములు నవంబరు 30, డిసెంబరు 7, 14, 21 తేదీలు. మన మార్గశిరము డిసెంబరు 13న మొదలైనది గనుక మన లక్ష్మీవారములు డిసెంబరు 14, 21, 28, జనవరి 4, 11 తేదీలు. డిసెంబరులో రెండు గురువారములు మాత్రమే ఇరువురికి ఉమ్మడి. ఒడియా పొరుగు గల తెలుగు ఇల్లాలికి ఇట్లు ఆరేడు గురువారములు లక్ష్మిపూజలే యగును: ముందు రెండు పొరుగింటి పిలుపులు, నడుమ రెండు ఇరుయిండ్ల పూజలు, చివర మూడు తన యింటివి.

ఒడియా గృహిణి క్రొత్త ధాన్యము నింపిన మాణమును పీటపై నిలిపి పూజించును. మాణము కొలపాత్ర, మన మానికకు చుట్టమువలె వినబడు మాట. పదునారవ శతాబ్దివాడైన బలరామదాసు రచించిన లక్ష్మీపురాణమును ఆనాడు చదువుదురు. లక్ష్మి తెల్లవారుజామున నగరము తిరుగుచు, అలికి ముగ్గుపెట్టిన చండాలస్త్రీ శ్రియా యింట ప్రవేశించును. అందులకు జగన్నాథ బలభద్రులు ఆమెను గుడినుండి వెడలగొట్టి, తిండికి మొగము వాచి, తుదకు ఆమె చేతివంటనే తిందురు. ఎల్ల జాతులవారును ప్రసాదమును భేదము లేక భుజింపవలెనని లక్ష్మి నిబంధన. మన వ్రతకథలోని సుశీలయు తక్కువది కాదు. సవతితల్లి యిచ్చిన బెల్లపుముక్కను తాను తినక, మట్టితో చేసికొన్న లక్ష్మికి నివేదించిన చిన్నపిల్ల ఆమె. మన యింట మొదటి వారము పులగము, రెండవవారము అట్లు తిమ్మనము, మూడవవారము అప్పములు పరమాన్నము, నాలుగవవారము చిత్రాన్నము గారెలు, అయిదవవారము పూర్ణపు బూరెలు. అక్కడ శ్రియా, ఇక్కడ సుశీల: ఇద్దరును లేనివారు, ఇద్దరును చేతిపనితో లక్ష్మిని రప్పించినవారు. రెండు కథలు విని పెరిగిన పిల్లలకు మనుష్యులలో ఎక్కువతక్కువలు చెల్లవని వేరుగ బోధింప నక్కరలేదు. కొలపాత్రను పూజించు నెలలో కొండవాని ధాన్యమును తప్పుకొలతతో కొలుచుట ఎంతటి పాపమో కూడ ఆ పూజయే చెప్పుచున్నది.

పుష్యము మొదలు ఫాల్గుణము వరకు

పెద్దపండుగను గూర్చి విస్తరించి చెప్పనక్కరలేదు. కోరాపుట్ చలిలో భోగిమంట కెంత విలువయో అక్కడివారికే తెలియును. భోగిపండ్లకు రేగుపండ్లు కొండలే ఇచ్చినవి. సంక్రాంతి వెళ్ళిన పిదప మక్కువ చెంత శంబర పోలమాంబ జాతరకును, శివరాత్రికి జయపురము దాపున గుప్తేశ్వరమునకును కుటుంబములతో పోవువారు పెక్కురు. ఆ పయనమునకు పులిహోర మూటలు కట్టినది ఎవరో చెప్పనేల?

పురుడు, పేరు, వరుస

నెలల వరుస ఇట్లుండగా, బ్రతుకు వరుసయు తల్లి చేతిమీదుగనే నడచెను. సీమంతము, పుట్టింట తొలి పురుడు, బాలింత పథ్యము, బారసాల, అన్నప్రాశనము. ఒడియావారు ఇరువదియొకటవ దినమున ‘ఎకోఇసియా’ జరిపి పేరు పెట్టుదురు. మనలో పదునొకటవనాడో ఇరువదియొకటవనాడో బారసాల. మన పేరులో ఇంటిపేరు ముందుండును. పాఠశాలలో చేర్చునపుడు అది వెనుకకు పోవును. పట్టికలో అట్లు మారినను, ఇంట తల్లి ‘మనము ఫలానావారము’ అని చెప్పుచుండుటచేత వంశపు ఆనవాలు నిలిచినది.

చుట్టరికపు పిలుపులలో మరియు గొప్ప సంగతి యున్నది. మనలో మేనమామ బిడ్డ వరుసకు వచ్చును; ఒడియా కుటుంబములలో అట్టి పెండ్లి సాధారణముగ నిషిద్ధము. కావున అత్త, పిన్ని, పెద్దమ్మ, మామ, బాబాయి, పెదనాన్న, బావ, మరదలు, వదిన అను మాటలలో మన సంఘపు కట్టుబాటంతయు ఇమిడియున్నది. తల్లి బిడ్డను ముందుకు త్రోసి ‘అత్తకు దండము పెట్టు’ అన్నప్పుడు భాషయు బంధుత్వమును కలిపి నేర్పినదన్నమాట. ఈనాడు అందరును ‘ఆంటీ, అంకుల్’ అయినచో పోవునవి రెండు మాటలు కావు. ఎవరు ఎవరికేమగుదురను జ్ఞానమే పోవును.

చెవి నుండి కంటికి

ఇంతవరకు చెప్పినదంతయు నోటి చదువు. తల్లి చెప్పినది, బిడ్డ విన్నది. ఎనుబదేండ్లకు పైబడి ఈ నోటిచదువు తెలుగును నిలిపినది. ఇప్పుడు మన యెదుట నున్న చిక్కు ఇది: ఈ సీమలో ఒడియా, ఇంగ్లీషు చదువులు చదివిన బాలికలే నేటి తల్లులు. వారిలో ననేకులు చక్కని తెలుగు పలుకుదురు, చదువలేరు. వ్రతకథను మామ్మ చదువుచున్నంతవరకు ఇబ్బంది కానరాదు. మామ్మ లేని యేట పుస్తకము మూసియుండును. సెల్‌ఫోనులో ఎవరో చదివినది విని కానిత్తురు. వినుటకేమి, వినవచ్చును. అయితే ఆ కంఠమునకు మన యింటి ఆవకాయ పాలు తెలియదు, మన మామ్మ కార్తెల లెక్క తెలియదు. చెవిలో నిలిచినది చెప్పువారితో పోవును. వ్రాతలో నిలిచినది చదువువారున్నంతకాలము నిలుచును.

మరియొక సంగతి. పూర్వపు తల్లి ఇంటనే యుండెను. చేతిక్రింద అత్తయు తోడికోడలును ఉండిరి. ఇప్పటి తల్లి దామన్‌జోడిలోనో, సునాబేడలోనో, జేకేపురములోనో ఉద్యోగము చేయుచు, ఒంటరి సంసారము నడుపుచున్నది. పాత భారమంతయు ఆమెపైనే యుంచి, భాష పోయినచో ఆమెనే నిందించుట న్యాయము కాదు. తరవాణికుండ తండ్రియు కడుగవచ్చును. పత్రి పేర్లు తాతయు చెప్పవచ్చును. అక్షరములు అన్నయు దిద్దింపవచ్చును.

రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో చదువుకొను సౌకర్యమును కల్పింప యత్నింపవలెనని ప్రభుత్వములకు చెప్పుచున్నది. ఆ హక్కును మన సంఘములు మర్యాదగను పట్టుదలతోను అడుగుచుండవలసినదే. అంతవరకు ఇంట చేయదగిన పని యొకటి గలదు. ఒడియావారు వినాయకచవితినాడు పిల్లలచేత ‘ఖడి ఛువా’ చేయించి అక్షరములు మొదలు పెట్టింతురు. మనము విజయదశమికో వసంతపంచమికో అక్షరాభ్యాసము చేయుదుము. మన బిడ్డ చవితికి ఒడియా అక్షరము, దశమికి తెలుగు అక్షరము దిద్దుటలో విరోధమేమున్నది? రెండింటికిని వర్గముల వరుస ఒక్కటే: క తరువాత ఖ, చ తరువాత ఛ. గుణింతపు పద్ధతియు ఒక్కటే. తాటాకుపై గంటముతో వ్రాయబడి గుండ్రనైన లిపులు రెండును. ఒడియా చదువవచ్చిన పిల్లకు తెలుగు అక్షరములు నేర్చుట క్రొత్త చదువు కాదు. ఎరిగిన బాటలో మరియొక ఇల్లు. ఆ పిల్ల తల్లికిని అంతే.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి కుటుంబమునను ఒక నోటుపుస్తకము పెట్టి, పండ్రెండు నెలలకు పండ్రెండు భాగములు చేసి, ఇంటి పెద్దామె ఆ నెలలో ఏమి చేయునో, ఏమి వండునో, ఏ కథ చెప్పునో ఆమె మాటలలోనే వ్రాయవలెను. తెలుగు వ్రాయలేనివారు ఒడియా లిపిలోనైనను వ్రాయవలెను, తరువాత మార్చుకొనవచ్చును. మార్గశిర లక్ష్మీవారములలో పూజ ముగిసిన పిదప ఒక అరగంట తల్లియు బిడ్డయు కలిసి తెలుగు పుస్తకము చదువుట అలవాటు చేసికొనవలెను. సంఘమువారు అట్టి నోటుపుస్తకములను చేర్చి, ప్రతులు వ్రాయించి భద్రపరుపవలెను. గెజెటీరు వ్రాసినవారికి దొరకని చరిత్ర అందులో దొరకును.

1936 నాటి సరిహద్దు మన వంటిండ్ల లోనికి రాలేదు. రానీయక కాపాడినవారు మన తల్లులు, మామ్మలు. వారిలో ఇంకను మన మధ్య నున్నవారి చెంతకు ఈ యేటి మార్గశిరము రాకమున్నే కలమును కాగితమును తీసికొని పోవలసినదని మన కుటుంబముల వారికెల్ల మా ప్రార్థన.